గాలిని గెలిచిన కారు, గాంధీబొమ్మ దగ్గర ఆగిన కారు

2015లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మెర్సిడెస్ వాళ్లు ఒక నాలుగు తలుపుల కారు చూపించారు. పేరు కాన్సెప్ట్ ఐఏఏ. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగానే దానికి తోక మొలుస్తుంది. ఎగతాళి కాదు. వెనక నుంచి ఎనిమిది రేకులు జరిగి 390 మిల్లీమీటర్లు బయటికొస్తాయి. అంటే మూరకు కాస్త తక్కువ. ముందు బంపర్ రెక్కలు చాస్తుంది, గుంటలుగా ఉన్న చక్రాలు పళ్లెంలా చదునవుతాయి. ఇంత హడావుడీ గాలిని మంచి చేసుకోవడానికే.

విషయం తెలిస్తే నవ్వలేం. వేగంగా పోయే బండి వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో గాలి సుళ్లు తిరుగుతూ బండిని వెనక్కి లాగుతుంది. తాగే పెట్రోలులో బోలెడంత ఆ లాగుడుకే పోతుంది. వెనక భాగాన్ని నీటి బొట్టులాగా సన్నగా సాగదీస్తే గాలి కుదురుగా కలుసుకుంటుంది, సుడి చిన్నదవుతుంది. బండి ఆకారాన్ని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్కను గాలి అంకె అనుకుందాం, ఇంగ్లీషులో డ్రాగ్ కోఎఫిషియెంట్; ఎంత తక్కువైతే అంత మంచిది. తోక లేనప్పుడు ఈ కారు గాలి అంకె 0.25, తోక వచ్చాక 0.19. మామూలు కార్లు 0.30 దగ్గర తచ్చాడుతుంటాయి. మన వరిగడ్డి ట్రాక్టరు అంకె ఎంతో కొలిచే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

అంటే జర్మనీ వాళ్లు ఎనిమిది రేకులు, మోటార్లు, బోలెడు బుర్ర ఖర్చుపెట్టి గాలి లాగుడుని సుమారు నాలుగో వంతు తగ్గించారు. సంతోషం. ఇప్పుడు నెల్లూరు ట్రంక్ రోడ్డు సాధించింది చూడండి. గాలి అడ్డు వేగాన్ని వేగంతోనే గుణించినట్టు పెరుగుతుంది, అదే లెక్కన తగ్గుతుంది. 80లో పోయే బండిని 20కి దించితే అడ్డు పదహారో వంతుకు పడిపోతుంది. సాయంత్రం ఆరింటికి వీఆర్‌సీ సెంటర్లో 20 అంటే రేసు కిందే లెక్క. ఒక్క రేకు కదలకుండా, ఒక్క ఇంజనీరును పిలవకుండా, ఆటోలూ గేదెలూ తోపుడు బండ్లతోనే మనం ఆ జర్మన్ కారును ఓడించాం. ఆగి ఉన్న బండీ పెట్రోలు తాగుతుంది కదా అని సణిగేవాళ్లు ఉంటారు. తాగుతుంది. కానీ అది గాలి ఖాతాలోకి రాదు.

తోక మాటకొద్దాం. మైపాడు గేటు దగ్గర మన బండి వెనక మూరెడు చోటుందంటే అది చోటు కాదు, స్కూటీ. తోక బయటికొచ్చే లోపు ఆ స్కూటీ మీద ఒక అమ్మాయి, ఒక గ్యాస్ సిలిండరు, ఒక స్కూలు బ్యాగు వచ్చి చేరతాయి. సరే, హైవే ఎక్కుదాం. కావలి వైపు పోతూ 80 దాటాం, తోక వచ్చింది, గాలి సలాం కొట్టింది. అంతలో రాంగ్ రూట్‌లో ట్రాక్టరు. తోక లోపలికి. అది దాటాక బయటికి. ముసునూరు టోల్‌గేటు వచ్చింది, మళ్లీ లోపలికి. ఒంగోలు చేరేసరికి ఆ తోక ఈగలు తోలుకునే ఎద్దు తోకలా ఆడుతూనే ఉంటుంది.

మా మెకానిక్‌కి ఫోన్లో బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, "గాలికి బాగానే చేశాడు సార్, గొయ్యికి ఏం చేశాడంట?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గాలిని బతిమాలాలంటే బండిని నేలకు ఆనించినట్టు కిందికి దించాలి. ఆ బండి మా వీధి స్పీడ్ బ్రేకర్ ఎక్కిందంటే నాలుగు చక్రాలూ గాల్లో ఉంటాయి. అప్పుడు గాలి అంకెతో పనేముంది?

ఇంతకీ పెట్రోలు పొదుపులో మా మామను మించిన కాన్సెప్టు లేదు. పెన్నా బ్రిడ్జి దిగేటప్పుడు నూట్రల్ వేస్తాడు. ఇరవై ఏళ్ల అలవాటు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలును పూర్తిగా ఆపేస్తాయని, నూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆరిపోకుండా తాగుతూనే ఉంటాయని చెప్పాను. "కంపెనీవాడికేం తెలుసు అబ్బయా" అన్నాడు. ఏసీ కట్టేసి అద్దాలు నాలుగూ దించాడు. హైవే మీద అలా చేస్తే గాలి లోపలికి దూరి ఇంకా లాగుతుంది. అదీ చెప్పాను. ఆ గాలి హోరులో వినబడలేదట. బంపర్‌కు పొదలకూరు నిమ్మకాయల దండ కూడా ఉంది. దాని గాలి అంకె అడిగితే దిష్టి తగులుతుందని అడగలేదు.

తోక కారు సంగతి మొన్న ట్రంక్ రోడ్డు మీద పోతూ మామకు మొదటి నుంచీ వివరించాను. ఎనిమిది రేకులు, మూరెడు తోక, నీటి బొట్టు, అన్నీ. శ్రద్ధగా విన్నాడు. గాంధీబొమ్మ దగ్గర ఆగి పావుగంటయ్యాక వెనక్కి తిరిగి అద్దంలోంచి చూశాడు.

"అబ్బయా, వచ్చిందా తోక?"

"ఇంకా సెకండ్ గేరే పడలేదు మామా."