బేల్దారికి నెలకు 30 వేలా? ఆ లెక్కలో లేనివి ఇవి

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బేల్దారుల మీద, అంటే ఇళ్లు కట్టే తాపీ పనివాళ్ల మీద, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "బేల్దారికి రోజుకు 1,000 రూపాయలు, అంటే నెలకు 30,000. డిగ్రీ చదివినవాడికి 20,000 రావడమే కష్టం. వీళ్లకు షెడ్డు ఉంది కాబట్టి అద్దె లేదు. బియ్యం ఫ్రీ, బస్సు ఫ్రీ. పన్నులు మాత్రం మనం కట్టాలి. ఊళ్లో పనికి పిలిస్తే రారు, ఉపాధి హామీ వాళ్లను సోమరుల్ని చేసింది. ఇంకా పేదలు అంటారేంటి?"

మాది కదిరి దగ్గర పల్లె. మా చిన్నాయన ఇరవై ఏళ్లు ఈ బెంగళూరులోనే బేల్దారి పని చేశాడు. కాలేజీ సెలవుల్లో నేను సైటులో వేసిన ఆయన షెడ్డులోనే ఉండేవాణ్ణి. అందుకే ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ 30,000 సంగతి. రోజుకు వెయ్యి నిజమే, చేయి తిరిగిన మేస్త్రీకి ఇస్తారు. అబద్ధమల్లా దాన్ని 30తో గుణించడమే. మా వీధి చివర కూలీల అడ్డా ఉంది. పొద్దున ఆరున్నరకే క్యారియర్లు పట్టుకుని వచ్చి నిలబడతారు. తొమ్మిదిన్నర దాటినా ఎవరూ పిలవలేదంటే ఆ రోజు పోయినట్టే, క్యారియర్ విప్పకుండానే తిరిగి వెళ్లిపోతారు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు పని ఆగుతుంది. కంకర రాకపోతే ఆగుతుంది. ఓనరుకు లోన్ డబ్బు అందకపోయినా ఆగుతుంది. పని ఆగిన రోజు కూలీ ఉండదు. నెలకు 18 రోజులు దొరికాయనుకుందాం, అప్పుడు వచ్చేది 18,000. మీరు పోల్చిన డిగ్రీ కుర్రాడి 20,000లో ఆదివారాలూ పండగలూ కూడా ఉన్నాయి. పైగా ఆ వెయ్యి అడ్డాలో ఉన్న అందరికీ రాదు. అదే సైటులో ఇటుకలు, ఇసుక మోసే ఆడమనిషికి దొరికేది దాదాపు అందులో సగం. ఆమె మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు.

వయసు లెక్క కూడా చూడాలి. కుర్రాడి జీతం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. మా చిన్నాయన 48వ ఏట పరంజా మీద నుంచి పడ్డాడు. గుత్తేదారు మొదటి రోజు ఆసుపత్రి బిల్లు కట్టాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. చిన్నాయన కాలు అతుక్కుంది గానీ మళ్లీ పరంజా ఎక్కలేకపోయాడు. మేస్త్రీగా ఉన్న మనిషి వాచ్‌మన్ అయ్యాడు.

ఇలాంటివాళ్ల కోసం 1996లోనే చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి, పేరు నమోదైన కార్మికులకు ప్రమాద సాయం, పెన్షన్, పిల్లల చదువుకు డబ్బు ఇవ్వాలి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ నిధి లెక్క తీసింది. దేశమంతా కలిపి 37,400 కోట్లకు పైగా వసూలైతే, ఖర్చయింది సుమారు 9,500 కోట్లే. ఆ డబ్బు వాళ్ల పేరున వసూలు చేసిందే. అయినా వాళ్ల చేతికి చేరలేదు.

"అద్దె లేదు" అన్నవాళ్లు ఒక్క రాత్రి ఆ రేకుల షెడ్డులో పడుకోవాలి. ఏప్రిల్‌లో రేకు వేడి అర్ధరాత్రి దాకా దిగదు. గోడలు తడపడానికి తెచ్చిన ట్యాంకర్ నీళ్లే స్నానానికి కూడా. మరుగుదొడ్డి ఉండదు కాబట్టి మా చిన్నమ్మ తెల్లారకముందే లేచి వెళ్లేది, పగలంతా నీళ్లు తక్కువ తాగేది. రాత్రుళ్లు సిమెంటుకూ కడ్డీలకూ కాపలా కాసేది కూడా షెడ్డులో ఉన్నవాళ్లే, దానికి కూలీ లేదు. నా దృష్టిలో వాళ్లు కట్టే అద్దె అదే. ఇల్లు పూర్తయిన వారమే షెడ్డు పీకేస్తారు, బడికి వెళ్లే పిల్లలుంటే ఆ బడి కూడా అక్కడితో సరి.

ఇక బస్సు. కర్ణాటకలో 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం ఈ రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్న ఆడవాళ్లకే. ఆధార్‌లో ఆంధ్రలోని కదిరి, కోసిగి అడ్రసులున్నవాళ్లు టికెట్ కొనాల్సిందే. ఇక్కడ ఆడవాళ్లకు నెలనెలా ఇచ్చే గృహలక్ష్మి 2,000 రూపాయలు రావాలన్నా కర్ణాటక రేషన్ కార్డు ఉండాలి. బియ్యం ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చని నిబంధన ఉన్న మాట నిజం. కానీ సిమెంటు తిన్న వేళ్లు రేషన్ షాపు వేలిముద్రల మిషన్‌లో చాలాసార్లు పడవు. పడలేదంటే ఒక పూట కూలీ పోగొట్టుకుని మళ్లీ లైన్లో నిలబడాలి.

పన్ను గురించి ఎక్కువ రాయను. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఫార్వర్డ్ చేసినవాళ్లలో చాలామంది అందులోకే వస్తారు. ఫోన్ రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీకూ కూలీకీ ఒకటే.

నాకు కోపం తెప్పించింది "సోమరులు" అన్న మాట. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. 2024-25లో చట్టం హామీ ఇచ్చింది ఏడాదికి కుటుంబానికి 100 రోజులు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలీ 300 రూపాయలు. ఒక్క రోజూ తగ్గకుండా నూరు రోజులు దొరికినా ఇంటిల్లిపాదికీ ఏడాదికి 30,000, అంటే నెలకు 2,500. దీంతో కాలు మీద కాలేసుకుని ఎవరు బతకగలరు? ఊళ్లో పొలం పని అంటే శనక్కాయ విత్తే రోజులు, పీకే రోజులు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట అదైనా ప్రతి ఏడూ ఉండదు. కర్నూలు పడమటి ఊళ్లలో వలస పోవడాన్ని "సుగ్గికి పోయినారు" అంటారు. ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదిలి, ఇంటికి తాళం వేసి బస్సెక్కేవాళ్లను సోమరులు అనడానికి నోరెలా వచ్చింది?

"ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చుగా" అని గ్రూపులో ఒకరు కింద రాశారు. కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా 2020 మే 5న కర్ణాటక ముఖ్యమంత్రి బిల్డర్లతో సమావేశమయ్యారు. ఆ వెంటనే, వలస కూలీల కోసం వేసిన ప్రత్యేక రైళ్లు వద్దని రైల్వేకు రాష్ట్రం నుంచి లేఖ వెళ్లింది. దేశమంతా తిట్టాక రెండు రోజులకు మళ్లీ నడపడానికి ఒప్పుకున్నారు. ఇంటికి పోతామని మూటలు సర్దుకున్నవాళ్లను ఆపబోయింది, వాళ్లు లేకపోతే ఈ ఊళ్లో పని నడవదని తెలిసినవాళ్లే.

ఈ మెసేజ్‌ను మా గ్రూపులో పెట్టిన అన్న బెంగళూరు పక్కన హొసకోట వైపు 30-40 అడుగుల సైటులో ఇల్లు కట్టిస్తున్నారు. అన్నా, మీ మీద కోపంతో రాయలేదు. పైన చెప్పిన సెస్సు సాయం కోసం కార్మికుడిగా పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి, పని ఇచ్చినవాళ్లు అది ఇవ్వొచ్చు. మీ సైటులో ఎనిమిది నెలలుగా పని జరుగుతోంది. ఎంతమందికి ఇచ్చారు? ఫారం నా దగ్గర ఉంది. ఆదివారం వస్తాను, మీరు సంతకం పెట్టండి చాలు, మిగతాది నేను నింపుతాను.