డాక్టర్లు ఏమీ చేయడం లేదనిపించే నెల రోజులు

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఏదైనా ఐసీయూ బయట ఓ పూట కూర్చుంటే "ఆపరేషన్ ఎప్పుడు సార్?" అన్న మాట తప్పకుండా వినపడుతుంది. పోయినేడాది మేమూ అదే అడిగాం, వరసగా తొమ్మిది రోజులు, రౌండ్స్‌కు వచ్చిన ప్రతి డాక్టర్నీ.

మా బాబాయిది తెనాలి దగ్గర పల్లెటూరు. 46 ఏళ్లు, మందు అలవాటు లేదు. ఒక రాత్రి అన్నం తిన్నాక పైపొట్టలో మొదలైన నొప్పి వెన్నులోకి పాకింది. పడుకుంటే ఎక్కువయ్యేది, ముందుకు వంగి దిండును పొట్టకేసి అదుముకుంటే కాస్త తట్టుకోగలిగేవాడు. గ్యాస్ అనుకుని పిన్ని వాము నీళ్లు కాచి ఇచ్చింది, ఊళ్లో ఆర్ఎంపీ నొప్పి ఇంజెక్షన్ చేశాడు. తెల్లారి గుంటూరు తీసుకెళ్తే రక్తపరీక్షలో లైపేజ్ అనే ఎంజైమ్ చాలా రెట్లు ఎక్కువ వచ్చింది, స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్లు కనపడ్డాయి. పాంక్రియాస్ వాచింది అన్నారు. మన భాషలో క్లోమం.

కడుపు వెనకాల దాక్కుని ఉండే ఈ గ్రంథి పని, తిన్నది అరగడానికి రసాలు పంపడం. రాయి జారి దారికి అడ్డం పడితే ఆ రసాలు బయటికి పోలేక గ్రంథినే అరిగించడం మొదలెడతాయి. మద్యం వల్లా వస్తుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు వెయ్యి దాటినా వస్తుంది. నూటికి ఎనభై మందికి వారంలో సర్దుకుంటుంది. మిగతావాళ్ల సంగతే కష్టం. ఊపిరితిత్తులో కిడ్నీలో దెబ్బతిని 48 గంటలు దాటినా కోలుకోకపోతే దాన్ని తీవ్రమైన జబ్బుగా లెక్కేస్తారు, 2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కొలత అదే. గ్రంథిలో కొంత భాగం చచ్చిపోతే, రెండు మూడు వారాలకు పేగుల్లోని బ్యాక్టీరియా అక్కడికి చేరి చీము పట్టొచ్చు. అప్పుడు ఎంత మంచి ఆసుపత్రిలోనైనా పది మందిలో కనీసం ఒకరు చనిపోతారు.

ఇంత ప్రమాదమైతే వెంటనే పొట్ట కోసి ఆ కుళ్లినదంతా తీసేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఒకప్పుడు సర్జన్లూ అదే చేసేవాళ్లు, చాలామంది ఆ ఆపరేషన్ తట్టుకోలేకే పోయారు. 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు 88 మంది రోగుల మీద చేసిన పరిశోధన ఈ లెక్క మార్చేసింది. సగం మందికి నేరుగా పొట్ట కోశారు, మిగతా సగానికి ముందు చిన్న గొట్టం పెట్టి చీము బయటికి లాగి, అవసరమైతేనే తర్వాత మెట్టుకు వెళ్లారు. కోసినవాళ్లలో నూటికి 69 మంది ప్రాణాపాయంలో పడటమో, చనిపోవడమో జరిగింది. మెట్టు మెట్టుగా వెళ్లినవాళ్లలో 40 మందే. పైగా వాళ్లలో మూడో వంతు మందికి ఆ గొట్టంతోనే సరిపోయింది. 2021లో అదే దేశం వాళ్లు ఇంకో అడుగు వేసి, చీము పట్టాక కూడా యాంటీబయాటిక్స్ ఇస్తూ, ఆ చచ్చిన భాగం చుట్టూ గోడలా పొర కట్టేదాకా ఆగితే ఏమవుతుందో చూశారు. అలా ఆగినవాళ్లలో నూటికి 39 మందికి గొట్టం కూడా అక్కర్లేకపోయింది.

ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. మాకు కనపడిందల్లా సెలైన్, ముక్కులో ట్యూబు. నర్సు సిరంజితో కొలిచి పాలలాంటి ద్రవం మెల్లగా ఎక్కించేది, బాబాయి కళ్లు మూసుకుని గొంతు కదిలించేవాడు. "ఇంత జబ్బులో తిండేంటి, వైద్యం చేయకుండా" అని మా వాళ్లంతా మండిపడ్డారు. నిజానికి ఆ తిండే వైద్యం. పేగులు ఖాళీగా ఉంటే వాటి గోడ బలహీనపడి బ్యాక్టీరియా బయటికి వస్తుంది. సెలైన్ సంగతీ అంతే. ఎంత ఎక్కిస్తే అంత మంచిదని ఒకప్పుడు నమ్మేవాళ్లు. కానీ 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో దూకుడుగా ఎక్కించినవాళ్లలో నూటికి 20 మందికి ఒంట్లో నీరు ఎక్కువైంది, చూసుకుని ఎక్కించినవాళ్లలో 6 మందికే. ఇన్ఫెక్షన్ రాకముందే ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ దంచడం వల్లా లాభం లేదు, మందులకు లొంగని క్రిములు తయారవుతాయి.

తొమ్మిదో రోజు విజయవాడలో వెంటనే ఆపరేషన్ చేస్తారని ఎవరో చెప్తే అంబులెన్స్ ఎక్కించాం. కాజ టోల్‌గేట్ దగ్గర ఆక్సిజన్ పడిపోతుంటే బండి పక్కకు ఆపి మాస్కు మార్చారు. ఆ నాలుగు నిమిషాలు నేను మర్చిపోలేను. తీరా వెళ్తే అక్కడి డాక్టరూ ఇప్పుడు కోయనన్నాడు. "తోడుకోని పెరుగులో గరిటె పెడితే ఏమవుతుందమ్మా? నీళ్లు నీళ్లవుతుంది. కొన్ని వారాలు ఆగితే గడ్డ చుట్టూ గోడ కడుతుంది, అప్పుడు తీస్తే రక్తం పోదు" అని పిన్నికి చెప్పాడు. మొదటి ఆసుపత్రిలో ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే మేం ఆ అంబులెన్స్ ఎక్కేవాళ్లం కాదు. పందొమ్మిదో రోజు జ్వరం వచ్చింది, సీటీ స్కాన్‌లో గాలి బుడగలు కనపడ్డాయి, అంటే చీము పట్టిందని. మందులు మార్చి ఇంకా ఆగారు. 33వ రోజు ఎండోస్కోపీ ద్వారా కడుపు గోడకు రంధ్రం చేసి స్టెంట్ అనే చిన్న గొట్టం పెడితే బురద రంగు చీము కడుపులోకి దిగిపోయింది. పొట్ట మీద ఒక్క కుట్టు పడలేదు.

అందుకే ఈ జబ్బులో డాక్టర్లు ఆగడాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దని అడుగుతున్నా. అయితే ఆగడానికి మంచం కావాలి, రాత్రంతా మూత్రం కొలిచి రాసే నర్సు కావాలి, వీటికి డబ్బు కావాలి. ప్రభుత్వ పథకాల్లో ప్యాకేజీ అంటే ఒక జబ్బుకు ఇంత అని ముందే కట్టిన లెక్క. ఈ జబ్బు ఎవరిని వారంలో వదులుతుందో, ఎవరిని రెండు నెలలు పట్టుకుంటుందో మొదటి రోజు ఎవరు చెప్పగలరు? రోజుల లెక్కన ఇవ్వకపోతే పేదవాడికి ఈ వైద్యం సగంలోనే ఆగిపోతుంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్), మంగళగిరి ఎయిమ్స్, విజయవాడ జీజీహెచ్ మూడూ 40 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ఒకరి సీటీ ఇంకొకరు చూసి, ఎవరిని కదపాలో ఎవరిని కదపకూడదో కలిసి తేల్చే ఏర్పాటు ఉంటే, కుటుంబాలు భయంతో రోగిని రోడ్డెక్కించే పరిస్థితి తగ్గుతుంది.

తొందరపడాల్సింది వేరే చోట. బాబాయికి అంతకు ఏడాది ముందే ఇలాంటి నొప్పి ఒకసారి వచ్చి నాలుగు రోజుల్లో తగ్గింది. అప్పుడు వేరే ఆసుపత్రి వాళ్లు రాళ్లున్న పిత్తాశయాన్ని అలాగే ఉంచి ఇంటికి పంపేశారు. వాపు తేలిగ్గా ఉన్నవాళ్లకు అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేస్తే రాళ్ల వల్ల మళ్లీ ఆసుపత్రి పాలయ్యేవాళ్లు నూటికి 17 నుంచి 5కు తగ్గుతారని 2015లోనే తేలింది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

క్లోమం దెబ్బతినడంతో ఇప్పుడు బాబాయి ఇన్సులిన్ వేసుకుంటున్నాడు, ప్రతి ముద్దకు ముందు కాకపోయినా ప్రతి భోజనానికీ ఎంజైమ్ క్యాప్సూల్ మింగుతున్నాడు. మూడో నెలలో పిత్తాశయం తీశారు. పిన్ని కాగితాలన్నీ ఒక పాలిథీన్ కవర్లో దాచింది. మొన్న అవి సర్దుతుంటే ఆ పాత డిశ్చార్జి కాగితం కనపడింది. అడుగున ఇంగ్లీషులో ఒక లైను, ఆరు వారాల్లో సర్జన్‌ను కలవమని. పిన్నికి ఇంగ్లీషు రాదు. అది ఆమెకు చదివి చెప్పినవాళ్లు ఆ రోజు ఎవరూ లేరు.