తాంబూలం సంచి బట్టదేనా?

నెల్లూరుకు దగ్గర్లో ఉన్న పాటూరు నేత ఊరు. అక్కడ ఒక ఇంటి వసారాలో, గుంట మగ్గం పక్కన ఈ వాదం. మామ నలభై ఏళ్లుగా మగ్గం మీద బతికినవాడు. అల్లుడంటే ఆయన అక్క కొడుకు, నెల్లూరులో నాన్ వోవెన్, అంటే నేయకుండా చేసే సంచుల చిన్న యూనిట్ పెట్టుకున్నాడు. మామ కూతురి పెళ్లికి తాంబూలం సంచులు తానే ఇస్తానని మచ్చుకు నాలుగు తెచ్చాడు. నేను మామ పక్షమే, ముందే చెబుతున్నాను. అయినా అల్లుడి మాటల్లో తీసేయలేనివి ఉన్నాయి. వాటిని అట్లాగే ఉంచాను.

మామ: ప్రేమతో తెచ్చావు, కాదనను. కానీ దీన్ని బట్ట సంచి అన్నావు చూడు, పేచీ అక్కడే. నిలువు పోగు, పడుగు ఏది? అడ్డపోగు, పేక ఏది?

అల్లుడు: లేవు మామా. నేయలేదు కాబట్టే నాన్ వోవెన్ అన్నారు. నేయకపోతే బట్ట కాదంటే ఎట్టా? రాముడు అడవికి కట్టుకెళ్లిన నారచీరలు ఏ మగ్గం మీద నేశారు?

మామ: చెట్టు పట్ట తీసి కొట్టారో, నార వడికి నేశారో నువ్వూ నేనూ చూడలేదు. వేరేది చెప్పు.

అల్లుడు: కాశ్మీరులో నమ్దా అని నేల మీద పరుస్తారు. గొర్రె ఉన్నిని పొరలుగా పరిచి, సబ్బునీళ్లు చల్లి, చాపతో చుట్టి తొక్కుతారు. పోగులు చిక్కుపడి దుప్పటిలా గట్టిపడుతుంది. మగ్గమే లేదు.

మామ: ఉన్ని పోగుకు పొలుసులుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నీ సంచిలో పోగుల్ని ఏది పట్టుకుంది?

అల్లుడు: వేడి. నేను ఈ షీటు రోల్‌గా చుట్టింది కొనుక్కుంటాను గానీ, అది తయారయ్యే ఫ్యాక్టరీకి ఒకసారి వెళ్లి చూశాను. పాలీప్రొపిలీన్ గింజలు, సగ్గుబియ్యం లాగా ఉంటాయి. 160 డిగ్రీలు దాటితే కరుగుతాయి. ఇంకా వేడెక్కించి, వేల బెజ్జాలున్న పళ్లెంలోంచి కిందికి నొక్కుతారు. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టే, కాకపోతే ఈ పోగు వెంట్రుక కంటే సన్నం. దిగేటప్పుడే గాలి దాన్ని చల్లబరిచి, సాగదీసి, కదిలే జల్లెడ బెల్టు మీద పడేస్తుంది. అడ్డదిడ్డంగా పడతాయి, దూదిపొరలా. తర్వాత రెండు వేడి రోలర్ల మధ్య పోతుంది. ఒక రోలరుకు చిన్న చిన్న బొడిపెలుంటాయి. బొడిపె తగిలిన చోటే పోగులు కరిగి అతుక్కుంటాయి. వెలుతురుకు పట్టి చూడు.

(మామ సంచిని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. ముగ్గు చుక్కల్లా వరసలు కనిపించాయి. చుక్కకూ చుక్కకూ మధ్య పోగులు ఏ దారీ లేకుండా పడి ఉన్నాయి. చాలాసేపు చూశాడు.)

మామ: పని గొప్పదే. అబద్ధం ఎందుకు చెప్పాలి? అయితే నూలేదో, పట్టేదో, కల్తీ ఏదో మేము కాల్చి తేల్చుకుంటాం.

(మగ్గం మీంచి ఒక నూలు పోగు తెంపి అగ్గిపుల్లకు పట్టాడు. కాగితం వాసన, వేలితో నలిపితే పొడైపోయే బూడిద. సంచి మూల కత్తిరించి పట్టాడు. అది మంట అందకముందే ముడుచుకుపోయి, కరిగి, గట్టి ముత్యంలా మిగిలింది.)

మామ: చూశావుగా.

అల్లుడు: ప్లాస్టిక్కే. నేను కాదన్నానా?

మామ: నువ్వు అనవు. నీ దగ్గర కొన్న కొట్టువాడు అంటాడు. ‘మేము ప్లాస్టిక్ కవర్లు ఇవ్వం, క్లాత్ బ్యాగే’ అని బోర్డు పెట్టి దీన్నే చేతిలో పెడతాడు.

అల్లుడు: నేను నిబంధన ప్రకారమే చేస్తున్నాను మామా. 2021 సెప్టెంబరు 30 నుంచి ఇలాంటి సంచి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదు. అంతకంటే పల్చటిది నేను ముట్టను.

మామ: ఆ నిబంధన ఏ చట్టంలో ఉంది? ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే కదా! ప్రభుత్వం కూడా దాన్ని ప్లాస్టిక్ కిందే రాసుకుంది. బట్ట అని పిలిచేది మనమే.

అల్లుడు: సరే, సంచి పక్కన పెట్టు. 2020లో మాస్కులు గుర్తున్నాయా? నువ్వు నూలుతో కుట్టించి ఊరంతా పంచావు, మంచి పని. కానీ ఆస్పత్రిలో డాక్టరు పెట్టుకున్నది మూడు పొరలది. నడిమి పొరలో ఉంది అసలు సంగతి. కరిగిన ప్లాస్టిక్కును భయంకరమైన వేడిగాలితో చిమ్మితే, మైక్రాన్లలో లెక్కపెట్టాల్సినంత సన్నటి పోగులొస్తాయి. దానికి కరెంటు గుణం పట్టిస్తారు. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టు, తుంపరలు ఆ పొరకు అంటుకుపోతాయి. నువ్వు ఎంత దగ్గరగా నేసినా పడుగుకూ పేకకూ మధ్య కన్నం ఉంటుంది. ఊపిరి ఆడాలి, క్రిమి దూరకూడదు అంటే మగ్గం వల్ల కాదు.

మామ: ...

అల్లుడు: అంతదాకా ఎందుకు, అమ్మమ్మ మంచాన పడ్డ ఆరు నెలలూ డైపర్ లేకపోతే అత్త చేతులు ఏమయ్యేవి? అమ్మమ్మ వీపు ఏమయ్యేది?

మామ: ఆ మాట ఒప్పుకుంటా. పాత పంచెలు చించి వేసేవాళ్లం మొదట్లో. తడి ఒంటికే ఉండి పుండ్లు పడ్డాయి. డైపర్ వచ్చాకే ఆమె రాత్రిపూట నిద్రపోయింది. దాన్ని నేనెందుకు కాదంటాను?

అల్లుడు: రొయ్యల ప్లాంటులో ఆడవాళ్ల తల మీద టోపీ ఇదే. మెత్తటి నేల మీద రోడ్డేసేటప్పుడు, కంకర మట్టిలో దిగబడకుండా కింద పరిచే మందపాటి గుడ్డ కొక్కేల సూదులతో పొడిచి చేసిన నాన్ వోవెనే. ఇవన్నీ నీ మగ్గానికి పోటీ కాదు.

మామ: అవి కాదు. సంచి పోటీ. విను. అట్లాంటి ఆకుపచ్చ సంచి ఒకటి మీ అత్త కిటికీ దగ్గర మేకుకు తగిలించింది, పాత గుడ్డపీలికలేసి. ఏడాదికి పైగా ఎండ తగిలింది. ఒకరోజు తీయబోతే చేతిలో పొట్టయిపోయింది. చీపురుకు రాలేదు, తడిగుడ్డకు రాలేదు. గాలికి లేచి మగ్గం మీద పడింది. గంజి పెట్టిన తెల్ల పడుగు మీద ఆకుపచ్చ నలుసులు! పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా గోటితో ఏరాను. నూలు చివికితే మట్టవుతుంది అల్లుడూ. ఇది చివికితే మట్టి కాదు. వానకు కాలవలో పడి పెన్నలో కలుస్తుంది. అక్కణ్ణుంచి యాడికి పోతుంది?

అల్లుడు: ఎండకు తట్టుకునే మందు కలిపితే అంత త్వరగా పొట్టవదు. తోటల మీద కప్పే గుడ్డలో కలుపుతారు.

మామ: నీ సంచిలో కలిపారా?

అల్లుడు: లేదు. ధర పెరుగుతుంది. అయినా నూలు సంచి ఊరికే వస్తుందా? పత్తికి నీళ్లు, పురుగుమందు, అద్దకానికి మళ్లీ నీళ్లు. ఒకసారి వాడి మూల పడేస్తే అదీ దండగే.

మామ: నిజమే, పడేస్తే దండగే. కానీ గుడ్డ సంచి చిరిగినా మసిగుడ్డవుతుంది. మొన్న నువ్వు పోయిన పెళ్లిళ్ల సంచులు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి? ఇంకెన్ని చెత్తబండి ఎక్కాయి? రవికముక్క పెట్టి ముత్తైదువ చేతికిచ్చేది అది. నేతగాడి కూతురి పెళ్లి. నాకు చేతులు రావడం లేదు.

అల్లుడు: మూడు వందలు కావాలి. నేస్తావా?

మామ: మీటరుకు నాలుగు సంచులు. డెబ్బై అయిదు మీటర్లు. పెళ్లికి రెండు నెలలుంది. నేను నేస్తా, నువ్వు కుట్టించు.

అల్లుడు: నా మిషన్లో దారం ఉండదు మామా, అదురుడుతో కరిగించి అతికిస్తుంది. నూలు కరగదు. దర్జీని పెట్టుకోవాలి.

మామ: పెట్టుకో. ఇంకోటి. నువ్వు అమ్మే ప్రతి సంచి మీదా ‘ఇది ప్లాస్టిక్, ఎండలో ఉంచవద్దు’ అని తెలుగులో అచ్చు వేయించు. కొనేవాడికి తెలియనీ.

అల్లుడు: అట్లా వేస్తే కొట్టువాళ్లు పక్క యూనిట్‌కు పోతారు.

మామ: పోతారేమో.

అల్లుడు: దర్జీ సంగతి నేను చూస్తా. అచ్చు సంగతి మాత్రం నాలుగు రోజులు ఆలోచించుకోనీ.