దొర పట్టు సడలింది, రాజు పన్ను మిగిలింది

1381 జూన్‌లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ జనం అక్కడి మఠంలోకి చొరబడి, నేలలో పరిచిన తిరగలి రాళ్ళను పెకలించారు. గింజలు మఠం మరలోనే పట్టించాలి, అందుకు రుసుం కట్టాలి అన్నది అక్కడి కట్టడి. దాన్ని కాదని ఇంట్లో విసురుకుంటున్నారని ఒక మఠాధిపతి అర్ధ శతాబ్దం కిందట తిరగళ్ళన్నీ లాక్కుని నేలకు పరిపించాడు. ఇప్పుడు ఆ రాళ్ళను పగలగొట్టి తలా ఒక ముక్క పంచుకున్నారు.

ఫ్యూడల్ వ్యవస్థ రైతుకు అనుభవంలోకి వచ్చేది ఇలాగే: మర దగ్గర, వెట్టి దగ్గర, కూతురి పెళ్ళికి దొరకు కట్టాల్సిన సొమ్ము దగ్గర. 1347–51 ప్లేగులో యూరప్ జనాభాలో కనీసం మూడో వంతు పోయాక పనివాళ్ళు కరువై కూలి పెరిగింది. పాత కూలికే పనిచేయాలని 1351లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం చేసినా ఆ పెరుగుదల ఆగలేదు.

1381 తిరుగుబాటుకు నిప్పు పెట్టింది మాత్రం రాజు పన్నే. 15 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరి మీదా తలకు 12 పెన్నీల లెక్కన వేశారు. జనం రాజునే నమ్ముకున్నారు. పద్నాలుగేళ్ళ రెండో రిచర్డ్ లండన్ పక్కనున్న మైల్ ఎండ్‌లో వెట్టి రద్దు చేస్తున్నట్టు పత్రాలు రాయించి ఇచ్చాడు, తిరుగుబాటు అణగగానే వాటిని చెల్లవన్నాడు. దొరల నుంచి ప్రజలను రాజులు కాపాడారన్న మాట నేను ఒప్పుకోలేకపోవడానికి ఇదొక కారణం. రాజులు చాలాచోట్ల దొరలతో బేరం కుదుర్చుకున్నారు. దాని ఖరీదు రైతు చెల్లించాడు.

ఆ బేరం ఫ్రాన్స్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. పాత పద్ధతిలో సామంతుడు రాజు కోసం యుద్ధానికి వస్తే, ఆనవాయితీగా 40 రోజులు కాగానే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంగ్లండ్‌తో తరాల పాటు సాగిన నూరేళ్ళ యుద్ధం అలా నడిచేది కాదు. జీతం అందని సైనికులు ఊళ్ళ మీద పడి దోచుకునేవారు. 1439లో ఏడో చార్లెస్ తన అనుమతి లేకుండా ఎవరూ సైన్యం పెట్టకూడదని, ప్రభువులు సొంతంగా ‘తాయ్’ అనే పన్ను వేయకూడదని శాసించాడు. 1445లో శాశ్వత అశ్విక దళాలు పెట్టాడు: 15 కంపెనీలు, ఒక్కో దాంట్లో వంద ‘లాన్స్’లు, లాన్స్‌కు ఆరుగురు మనుషులు. 1453లో కాస్తియోన్ యుద్ధంలో, చార్లెస్ ఫిరంగి దళాన్ని నడిపిన బ్యూరో సోదరుల ఫిరంగులు ఇంగ్లిష్ సేనను చిత్తు చేశాయి.

ఇంతమందికీ జీతాలివ్వాలంటే ఏటా డబ్బు కావాలి. అందుకే జాతీయ ప్రతినిధి సభ అయిన ఎస్టేట్స్ జనరల్‌ను అడగకుండానే తాయ్‌ను ఏటేటా వసూలు చేయడం మొదలైంది. 1440లో కొందరు ప్రభువులు తిరగబడి ఓడారు. ఆ తర్వాత వాళ్ళలో చాలామంది సర్దుకున్నారంటే ఆశ్చర్యం లేదు. కులీనులకు ఆ పన్ను లేదు, పైగా కొత్త దళాల్లో కొలువులు, పెన్షన్లు వాళ్ళకే. పదకొండో లూయీ కాలంలో తాయ్ 12 లక్షల లివ్రల నుంచి 1481 నాటికి సుమారు 46 లక్షలకు చేరింది.

ఇంగ్లండ్‌లో భూస్వాములు కూడా పన్ను కట్టేవారు కాబట్టి ఖజానా తాళం పార్లమెంటు దగ్గరే ఉండాలని పట్టుబట్టారు. 1485లో గద్దెనెక్కిన ఏడో హెన్రీ ప్రభువుల ప్రైవేటు సేనలను అదుపు చేశాడు గానీ, ఫ్రాన్స్ తరహా శాశ్వత సైన్యం పెట్టుకోలేకపోయాడు.

రాజు బలహీనంగా ఉంటే రైతుకు మేలని కూడా చెప్పలేం. పోలెండ్‌లో సభ కులీనుల చేతిలో ఉండేది. ఊరికి ఏడాదికి ఒక్క రైతే బయటికి వెళ్ళాలని 1496లో, వారానికి కనీసం ఒక రోజు వెట్టి చేయాలని 1520లో చట్టాలు తెచ్చింది వాళ్ళే. పన్ను, వెట్టి మోసేవాడి మాట వినే చోటు లేనప్పుడు పైన రాజున్నా, సభ ఉన్నా అతని బతుకు మారలేదు.

ఫ్రాన్స్ రాజులు 1614 తర్వాత 175 ఏళ్ళు ఎస్టేట్స్ జనరల్‌ను పిలవనే లేదు. ఖజానా ఖాళీ అయ్యాక 1789 మేలో పిలవక తప్పలేదు. ఆగస్టు 4 రాత్రి, దొరల హక్కులనూ కులీనుల పన్ను మినహాయింపులనూ ఒకే సమావేశంలో రద్దు చేస్తూ తీర్మానించారు.