మాఫీ నేర్పిన దూకుడు

శనివారం రాత్రి హైదరాబాద్‌లో రాయదుర్గం నాలెడ్జ్ సిటీ, టీ-హబ్ రోడ్ల వైపు వెళ్లినవాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ముందు చక్రం గాల్లోకి లేపి వీలీలు, చెవులు చిల్లులుపడే సైలెన్సర్ మోత, పక్కనే ఫోన్ పట్టుకుని రీల్ తీసే దోస్తు. పోలీసులొస్తారు, బండ్లు పట్టుకుపోతారు. కొన్నాళ్లు చప్పుడుండదు. తర్వాత మామూలే. విశాఖ బీచ్ రోడ్డుదీ ఇదే కథ. ఈ ఆట అర్ధరాత్రితో ఆగినా కొంత నయం. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ బస్సుకూ ఆటోకూ మధ్య సందులో మెలికలు తిరుగుతూ దూసుకొచ్చే బండికి భయపడి, రోడ్డు సగం దాటి డివైడర్ మీదే నిలబడిపోయిన పెద్దామె మన కూడళ్లలో రోజూ కనిపిస్తుంది. ఆమెను దాటించడానికి ఎవరూ ఆగరు.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడిపితే తొలి తప్పుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, కాదంటే రెండూ. రోడ్డు మీద పందెం కాస్తే 189వ సెక్షన్. మైనర్ చేతికి బండి ఇచ్చి, వాడు నేరం చేస్తే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు అని 2019 సవరణ చెబుతోంది. ఆ పిల్లాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సే ఇవ్వకూడదు. ఇంత రాసిపెట్టుకుని మనం చేసేదేమిటంటే కౌన్సెలింగ్. తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఒక వీడియో చూపించి, ఇంకోసారి చేయొద్దని పంపించేయడం.

అసలు జబ్బు మాఫీ. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. సరే, కరోనా కష్టాలన్నారు, ఒక్కసారికి అనుకున్నాం. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ తీసుకొచ్చారు, ఈసారి 80 శాతం. గడువు పెట్టారు, పొడిగించారు, మళ్లీ పొడిగించారు. వెయ్యి రూపాయల చలానా 200తో తీరిపోయింది. ఒక బిర్యానీ ఖర్చు! పడిన రోజే బుద్ధిగా మొత్తం కట్టినవాడు వెర్రివాడయ్యాడు. పదిహేను చలానాలు పేర్చుకుని కూర్చున్నవాడు తెలివైనవాడయ్యాడు. బండి మీద ఎన్ని చలానాలున్నా కంగారెందుకు, ఎప్పుడో ఆఫర్ వస్తుందిలే అని కుర్రాళ్లు అనుకుంటున్నారంటే ఆ పాఠం చెప్పింది ప్రభుత్వమే.

బకాయిలు వసూలయ్యాయి, ఖజానాకు వందల కోట్లు వచ్చాయి అని సమర్థించేవారున్నారు. వచ్చాయి, కాదనం. చలానా ఉన్నది ఖజానా కోసమైతే ఆ లెక్క సరిపోతుంది. చిన్న వయసు, కేసు పెడితే భవిష్యత్తు పాడవుతుందనే జాలి మరొకటి. అదే కుర్రాడు గుద్దిన కూరగాయల బండివాడి భవిష్యత్తు గురించి ఆ జాలి మాట్లాడదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. రోజుకు రెండు వందల మందికి పైమాటే. వీళ్లందరూ వీలీలు చేసినవాళ్లు కాదు. చాలామంది తమ దారిన తాము పోతున్నవాళ్లే.

మాఫీ ఒక్క చలానాకే పరిమితమైనా సర్దుకుపోయేవాళ్లమేమో. ఎన్నికల వేళ బైక్ ర్యాలీ చూడండి. ముగ్గురేసి ఎక్కుతారు, హెల్మెట్ ఉండదు, రోడ్డంతా వాళ్లదే, పైగా పోలీసు బందోబస్తు. అదీ మాఫీయే. నంబరు ప్లేటు మడిచేసి, టేపు అంటించి తిరిగే బండి ఠాణా ముందు నుంచే పోతుంది. అదీ మాఫీయే. కెమెరా చలానా వెళ్లేది బండి నంబరుకు. నడిపినవాడి లైసెన్సుకు గీత కూడా పడదు. 2017 ఆగస్టులో తెలంగాణలో పెనాల్టీ పాయింట్లు తెచ్చారు, రెండేళ్లలో 12 చేరితే లైసెన్సు సస్పెన్షన్ అన్నారు. ఆ పాయింట్లు ఏమయ్యాయో గుర్తున్నవాళ్లు చేయెత్తాలి.

ఏ పార్టీ ప్రభుత్వమైనా మేం అడిగేది ఒకటే. ఓవర్ స్పీడ్‌కూ, రాంగ్ రూట్‌కూ, ప్రమాదకర డ్రైవింగ్‌కూ ఇక ఏ పేరుతోనూ తగ్గింపు ఉండదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ‘ఒక్కసారికి’ అనే మాట రెండుసార్లు వాడేశారు. ఇక లక్షన్నర పోసి టెన్త్ పాసైనవాడికి స్పోర్ట్స్ బైక్ కొనిచ్చి, స్టేషన్‌కు పిలిస్తే ‘మావాడు అలాంటివాడు కాదు సార్’ అంటూ ఎమ్మెల్యేకు ఫోన్ కలిపే తండ్రులారా, తాళం చెవి ఇచ్చింది మీరే. ముందు ఆ ఫోన్ పెట్టేయండి.