ఉత్తుత్తి మిషన్‌లో స్థల వివాదం

విశాఖలో గజం స్థలం కొనలేని నాలాంటివాడికి ఆస్తి పెంచుకునే దారి ఒక్కటే మిగిలింది: వర్చువల్ మిషన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, బ్రోకరు లేడు, సముద్రం కనబడదు కాబట్టి దానికి వేరే రేటూ లేదు.

మద్దిలపాలెంలో నా అద్దె గది, అందులో ల్యాప్‌టాప్, దానిలో ఆ ఉత్తుత్తి మిషన్‌ని నడిపే వర్చువల్‌బాక్స్, దాని కడుపులో విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్, ఓ పాత ఉబుంటు. దానికిచ్చిన 20 జీబీ నిండిపోయింది. 40 చేద్దామని కమాండు కొట్టాను. ససేమిరా అంది. ఆ కమాండుకి లెక్క ఎంబీల్లో చెప్పాలట! నేను 40 అనేసరికి, ఉన్న ఇల్లు కూల్చి అగ్గిపెట్టె కట్టమన్నట్టు వినపడింది దానికి. 40960 అన్నాక క్షణంలో ఇచ్చేసింది.

లోపలికెళ్లి చూస్తే పాత లెక్కే. డిస్కు పెరిగింది, అందులో గోడ కట్టుకున్న వాటా, అంటే పార్టిషన్, పెరగలేదు. రుషికొండలో ఉద్యోగం చేసే మా బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఏటి బావా, పక్క స్థలం కొన్నంత మాత్రాన గోడ దానంతటదే జరిగిపోద్దా?"

పైగా ఆ స్థలానికీ నాకూ మధ్యలో స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే పార్టిషన్) కూర్చుని ఉంది. అద్దె ఇవ్వదు, ఖాళీ చెయ్యదు.

ఇక్కడ కొంచెం చరిత్ర అవసరం. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా మూడు జిల్లాలైంది. అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్లింది, కానీ అక్కడి కాఫీ మొక్క ఒక్కటీ కదల్లేదు. మారింది కాగితం మీది గీత. డిస్కులో హద్దులు రాసి ఉండే పార్టిషన్ టేబులూ అంతే, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అయితే హద్దు చివర జరిపితేనే ఈ సుఖం. మొదలు జరిపారా, మొక్కలన్నీ పీకి మళ్లీ నాటుకోవాల్సిందే. మధ్యలో కరెంటు పోతే మీ ఖర్మ.

అందుకే ఆ ఉత్తుత్తి డిస్కు మొత్తం దాచి ఉండే వీడీఐ ఫైలుకి ఒక కాపీ తీసిపెట్టాను. కాపురం ఉంటూ గోడలు జరపడం మంచిది కాదని పార్టిషన్ల హద్దులు మార్చే జీపార్టెడ్ ఐఎస్ఓతో (సీడీ లాంటి ఫైలు) బూట్ చేసి, స్వాప్‌ని పీకేసి, ఉబుంటు కాపురముండే రూట్ పార్టిషన్ చివరి హద్దు జరిపి, చివర్లో స్వాప్‌కి పునరావాసం కల్పించాను. నష్టపరిహారం అడగలేదు కానీ కక్ష మాత్రం తీర్చుకుంది. కొత్త స్వాప్‌కి కొత్త యూయూఐడీ (గుర్తింపు నంబరు) వచ్చింది, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు వాడాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్‌ ఫైల్లో పాతదే ఉండిపోయింది. బూట్ చేసినప్పుడల్లా ఉబుంటు ఆ పాత అడ్రసుకెళ్లి తొంభై సెకన్లు తలుపు కొట్టి వచ్చేది. ఆ టెన్షన్‌లో ఒక టీ అయిపోయేది.

ఆ లైను దిద్దాక లోపల దర్జాగా ఖాళీ స్థలం. బయట ల్యాప్‌టాప్ సీ డ్రైవ్ ఎర్రబడింది. ముందుజాగ్రత్తకి తీసిన కాపీ అసలైన డిస్కుని తినేసింది.

"ఇంక ఆ కాపీ తీసెయ్యొచ్చు కదా బావా," అన్నాడు బామ్మర్ది.

విశాఖలో చేతికొచ్చిన స్థలం వదులుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించమన్నాను.