మానిటరింగ్ సర్వర్‌కి రెండో కేబుల్ పెట్టేవాళ్లకి ఒక మాట

మానిటరింగ్ సర్వర్‌లో (పరికరాలన్నిటినీ కనిపెట్టి ఉండి, తేడా వస్తే అలర్ట్ పంపే మెషీన్) ప్రైవేట్ నెట్‌వర్క్ కార్డు, అంటే ఆ పరికరాల నెట్‌వర్క్‌కి గుచ్చే రెండో కార్డు, కాన్ఫిగర్ చేయడం పది నిమిషాల పని అని మా ఫీల్డ్‌లో చాలామంది అనుకుంటారు. ప్రాజెక్ట్ ప్లాన్‌లో దానికంటూ ఒక లైను కూడా ఉండదు. ర్యాకులు వచ్చాయా, యూపీఎస్ బిగించారా, ఫైర్‌వాల్ లైసెన్స్ తీసుకున్నారా, ఇవన్నీ పదిసార్లు అడుగుతారు. చివరికి అప్పగింతల ముందు రోజు రాత్రి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడికి ఒక ఐపీ (కార్డు అడ్రస్), ఒక సబ్‌నెట్ మాస్క్ (ఆ నెట్‌వర్క్ ఎంతవరకో చెప్పేది), ఒక గేట్‌వే (ఆ నెట్‌వర్క్ దాటి పోయే దారి) వాట్సాప్‌లో పంపి "పెట్టేయ్" అంటారు. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. ఈ అలవాటు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

రెండేళ్ల కిందట, మే నెల. గచ్చిబౌలి వైపు ఒక డేటా సెంటర్, పేరు వద్దు. రాత్రి ఒంటిగంట దాటాక సెక్యూరిటీ గార్డు రౌండ్‌కి వెళ్లి సర్వర్ హాల్ తలుపు తీశాడు. మా కుర్రాడు కింది ఫ్లోర్‌లో బ్యాకప్ టేపులు మారుస్తున్నాడు. గార్డు పరుగున వెళ్లి "లోపల వేడిగాలి కొడ్తున్నది సార్, ఒకసారి వచ్చి చూడుండ్రి" అన్నాడు. కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఏసీ యూనిట్ ఒకటి ఆగిపోయింది. స్క్రీన్ మీద నలభై నిమిషాల నుంచి ఎర్రగనే ఉన్నది. మెసేజ్ మాత్రం ఒక్కటి గూడ రాలే. నీకేమన్న వచ్చిందా?"

నాకూ రాలేదు. ఉప్పల్ నుంచి కారు వేసుకుని నేను వెళ్లేసరికి సర్వర్ల ముందు వైపు గాలి 34 డిగ్రీలు చూపిస్తోంది. అక్కడ 18 నుంచి 27 మధ్య ఉండాలని ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే వాళ్ల సూచన. వేడికి రెండు సర్వర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఏసీ మనిషిని లేపి, పిలిపించి, యూనిట్ తిరిగి నడిచేసరికి తెల్లారింది.

అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఒకటుంది. మానిటరింగ్ సర్వర్ తన పని తాను చేసింది. ఏసీ ఆగిన నిమిషంలోనే పట్టుకుంది, అలర్ట్ తయారు చేసింది, మెయిల్‌కీ ఎస్ఎంఎస్‌కీ ఇచ్చింది. ఆ అలర్ట్ బయటికి పోలేదు, అంతే.

పొద్దున్నే చాయ్ కూడా తాగకుండా ఆ సర్వర్ ముందు కూర్చుని, ప్యాకెట్లు ఏ దారిన పోతాయో చూపించే ఐపీ రూట్ కమాండ్ కొట్టాను. విడిగా దారి రాయని వాటన్నిటికీ దారి చూపే "డిఫాల్ట్" అనే లైను ఒక్కటే ఉండాలి. రెండున్నాయి. ఆఫీస్ నెట్‌వర్క్ వైపు పోయేదానికి మెట్రిక్ 101, ప్రైవేట్ నెట్‌వర్క్ వైపు పోయేదానికి 100. మెట్రిక్ తక్కువ ఉన్న దారినే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) పట్టుకుంటుంది. ప్రైవేట్ వైపు ఉన్నవి స్విచ్‌లు, పీడీయూలు (ర్యాకులో కరెంటు పంచేవి), యూపీఎస్, ఏసీ కంట్రోలర్లు, సర్వర్లని దూరం నుంచి నడిపే ఐపీఎంఐ పోర్టులు. ఆ నెట్‌వర్క్‌కి బయటికి దారి లేదు, ఉండకూడదు కూడా. మా మెయిళ్లన్నీ అటు పోయి అక్కడే చచ్చాయి.

మరి అన్నాళ్లు ఎలా పనిచేసింది? రెడ్‌హ్యాట్ రకం లైనక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు చూసే నెట్‌వర్క్‌మేనేజర్ ఈథర్నెట్ కార్డు డిఫాల్ట్ దారికి 100 ఇస్తుంది. రెండో కార్డులో కూడా గేట్‌వే రాసి ఉంటే, రెండూ ఢీకొనకుండా దానికి 101 ఇస్తుంది. ముందు ఏ కార్డు లేస్తే దానిదే 100. ఆరు నెలలు ఆఫీస్ కార్డే ముందు లేచింది. ఆ రోజు సాయంత్రం ప్యాచింగ్ కోసం రీబూట్ చేశారు, ఈసారి ప్రైవేట్ కార్డు ముందు లేచింది. స్క్రీన్ ఉన్న పీసీ సర్వర్ ఉన్న సబ్‌నెట్‌లోనే ఉండటంతో డాష్‌బోర్డ్ మామూలుగానే కనిపించింది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంత జరగడానికి కారణం ఒక్క గడి. కార్డు పెట్టినప్పుడు గేట్‌వే అనే గడి ఖాళీగా కనిపించింది, నింపేశారు. ప్రైవేట్ కార్డుకి ఆ గడి ఖాళీగానే వదలాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో నెవర్-డిఫాల్ట్ అనే సెట్టింగ్ ఉంది, దానికి యెస్ (yes) అని పెట్టాలి. వేరే సబ్‌నెట్‌లలో ఉన్న పరికరాలకి మాత్రం, ఫలానా రేంజ్‌కి ఫలానా దారి అని విడిగా రూట్ రాయాలి. ఉబుంటులో ఇదే పని చేసే నెట్‌ప్లాన్ అయితే ప్రైవేట్ కార్డు కింద డిఫాల్ట్ అనే మాటే రాకూడదు. మార్చాక నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి. 120 సెకన్లలోపు మీరు ఓకే చెప్పకపోతే పాత సెట్టింగ్ తిరిగి వచ్చేస్తుంది. దూరం నుంచి లాగిన్ అయి పనిచేసేవాడికి అదెంత ధైర్యమో, ఒకసారి కనెక్షన్ తెగ్గొట్టుకున్నవాడికే తెలుస్తుంది.

"ఇంత గొడవ ఎందుకు, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో పెడితే పోలా" అని మేనేజర్లు అడుగుతారు. పోదు సార్. ఐపీఎంఐ సంగతే తీసుకోండి. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా దూరం నుంచి ఆన్ చేయగలిగే పోర్టు అది, యూడీపీ 623 మీద వింటుంది. దాని 2.0 వెర్షన్‌లో, లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ని (పాస్‌వర్డ్‌ని ఊహించి సరిచూసుకోవడానికి పనికొచ్చే కోడ్) అడిగినవాడికల్లా ఇచ్చేసే లోపం ఉందని 2013లో బయటపడింది. ఆ లోపం ప్రోటోకాల్‌లోనే ఉంది, ప్యాచ్ వేస్తే పోయేది కాదు. అలాగే పరికరాల స్థితి కనుక్కోవడానికి వాడే ఎస్ఎన్ఎంపీ ప్రోటోకాల్ రెండో వెర్షన్ కమ్యూనిటీ పాస్‌వర్డ్‌ని దాచకుండా మామూలు అక్షరాల్లోనే పంపుతుంది. మూడో వెర్షన్ 2002లోనే ప్రమాణంగా వచ్చినా, నేను వెళ్లిన సైట్లలో సగం ఇంకా రెండో దాని మీదే నడుస్తున్నాయి. ఇలాంటివాటిని వేరే నెట్‌వర్క్‌లో పెట్టి తలుపు వేయడమొక్కటే మన చేతిలో ఉంది. రెండు వైపులా కాలు ఉన్న మెషీన్ మానిటరింగ్ సర్వరే కాబట్టి ఆ తలుపు దగ్గర ఉన్నది అదే. అందులో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో కార్డులోంచి పంపేయడం) ఆన్ అయి ఉందో లేదో ఎంతమంది చూశారు?

ఆ మాటకొస్తే డాకర్ (సాఫ్ట్‌వేర్‌లని విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపేది) పెట్టగానే ఫార్వర్డింగ్ ఆన్ అవుతుంది. ఇంకో సైట్‌లో మా వాళ్లే గ్రాఫుల కోసం మానిటరింగ్ సర్వర్ మీద డాకర్ ఇన్‌స్టాల్ చేశారు. గంటలో మూడో ఫ్లోర్ పీడీయూలన్నీ కనిపించకుండా పోయాయి. "పింగ్ పోతలేదన్నా, కేబుల్ ఏమన్న ఊడిందా" అని కుర్రాడు నిచ్చెనెక్కి ప్యాచ్ ప్యానెల్ అంతా వెతికాడు. కేబుల్ ఊడలేదు. ఆ పీడీయూల ఐపీలు 172.17తో మొదలవుతాయి. డాకర్ సొంత బ్రిడ్జికి, అంటే సర్వర్ లోపల తను పెట్టుకునే నెట్‌వర్క్‌కి, మామూలుగా తీసుకునే రేంజ్ కూడా 172.17.0.0/16 యే. సర్వర్ ఆ ప్యాకెట్లను బయటికి పంపకుండా తన లోపలి బ్రిడ్జికే ఇచ్చేస్తోంది. ప్రైవేట్ ఐపీల కోసం మూడు రేంజ్‌లు 1996 నుంచి రాసిపెట్టి ఉన్నాయి: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168. ఏ ఫ్లోర్‌కి ఏది ఇచ్చామో ఒక షీట్‌లో రాసుకుని ఉంటే ఆ కుర్రాడు నిచ్చెన ఎక్కాల్సిన పని లేదు.

ఇంకో సమస్య దీనికంటే సతాయిస్తుంది. స్విచ్ ట్రాప్ (తనంతట తాను పంపే అలర్ట్) పంపుతుంది. వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెడితే ప్యాకెట్ కార్డు మీదికి వచ్చినట్టు కళ్లకి కనిపిస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్‌కి అందదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ఆర్‌పీ ఫిల్టర్ అనే కెర్నల్ సెట్టింగ్ 1లో ఉంటే, ప్యాకెట్ ఏ కార్డులో వచ్చిందో జవాబు కూడా ఆ కార్డులోంచే పోయేలా రూట్ ఉందా అని చూస్తుంది. లేకపోతే చప్పుడు చేయకుండా పారేస్తుంది. టీసీపీడంప్ అంతకుముందే చూసేస్తుంది కాబట్టి మనం మోసపోతాం. ఇది నాకు మొదటిసారి ఎదురైనప్పుడు రెండు రోజులు పట్టింది. చాలామంది దాన్ని 0 చేసి వదిలేస్తారు. అది మందు కాదు. ఆ స్విచ్ ఉన్న సబ్‌నెట్‌కి ప్రైవేట్ కార్డు మీదుగా సరైన రూట్ రాస్తే 1లో ఉండగానే పనిచేస్తుంది.

పెద్ద పెద్ద కంపెనీలకీ ఇలాంటి దెబ్బ తగిలింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఆరు గంటలపాటు పడిపోయినప్పుడు, మామూలు నెట్‌వర్క్‌తో పాటు అత్యవసరానికి ఉంచుకున్న వేరే నెట్‌వర్క్ కూడా అందలేదని వాళ్ల ఇంజనీర్లే రాశారు. చివరికి మనుషుల్ని డేటా సెంటర్లకి పంపాల్సి వచ్చింది. వాళ్లకి మనుషులూ ఉన్నారు, డబ్బూ ఉంది. మనకి రాత్రి షిఫ్ట్‌లో ఒక్కడు ఉంటాడు.

2022లోనే మైక్రోసాఫ్ట్ ఇక్కడ హైదరాబాద్‌లో డేటా సెంటర్లు కడతామని ప్రకటించింది, అదే ఏడాది నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చే పిల్లలు క్లౌడ్ పేర్లన్నీ గడగడ చెప్తారు. రూటింగ్ టేబుల్ చదవమంటే ఆగిపోతారు. తప్పు వాళ్లది అనను. వాళ్లకి నేర్పాల్సిన సీనియర్లం మనం వాట్సాప్‌లో మూడు నంబర్లు పంపి పడుకుంటున్నాం.

నా సైట్లలో ఇప్పుడు ర్యాకులు రాకముందే ప్రైవేట్ నెట్‌వర్క్ షీట్ తయారు కావాలి. సర్వర్ కాన్ఫిగర్ చేశాక మూడుసార్లు రీబూట్ చేసి, ప్రతిసారీ ఆఫీస్ వైపు నుంచి ఒక టెస్ట్ ఎస్ఎంఎస్ నా ఫోన్‌కి రావాలి. ఆ తర్వాత ఆఫీస్ కేబుల్ ఊడదీయమంటాను. అప్పుడు కూడా సర్వర్‌కి గుచ్చిన సిమ్ మోడెమ్ నుంచి మెసేజ్ రావాలి. రాకపోతే నేను సంతకం పెట్టను. "ఒక్క మోడెమ్ కోసం అప్పగింత ఆపుతావా" అని ఒక మేనేజర్ నా మీద గట్టిగానే అరిచాడు. ఆపాను. నాలుగు రోజులు ఆగింది.

ఇది చదివేవాళ్లలో మానిటరింగ్ సర్వర్ చూసుకునేవాళ్లు ఉంటే, ఈ రాత్రే లాగిన్ అయి ఐపీ రూట్ కొట్టి చూడండి. డిఫాల్ట్ అనే లైను రెండుసార్లు కనిపిస్తే తర్వాతి ప్యాచింగ్ దాకా ఆగొద్దు. షిఫ్ట్‌లో ఉన్న తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రెండో లైను ఎందుకు తీసేస్తున్నారో చెప్తూ వాడి చేత్తోనే తీయించండి.